ముందు పరీక్ష, తర్వాత దీపం

తెలంగాణ పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, మహిళా శిశు సంక్షేమ శాఖల మంత్రి శ్రీమతి ధనసరి అనసూయ సీతక్క గారికి,



మీ శాఖల కింద రెండు రకాల పొడులు తయారవుతున్నాయి. గ్రామీణాభివృద్ధి వైపు చూస్తే మహిళా సంఘాల వాళ్లు మిర్చి, పసుపు పట్టించి, పొట్లాలు కట్టి అమ్ముతున్నారు. మహిళా శిశు సంక్షేమం వైపు చూస్తే నాచారంలోని తెలంగాణ ఫుడ్స్ సంస్థ బాలామృతం తయారుచేసి అంగన్‌వాడీలకు పంపుతోంది. ఒకటి ఊరి గిర్నిలో పుడుతుంది, ఇంకొకటి ఫ్యాక్టరీలో. కారం ఎవరైనా తింటారు. బాలామృతం మాత్రం ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలది. ఈ రెంటికీ ఉన్న చిక్కు ఒక్కటే. పొడిలోకి హానికర బ్యాక్టీరియా చేరితే, రుచీ రంగూ పోషకమూ పోకుండా దాన్ని చంపడం మహా కష్టం.

ఆ పని వెలుతురుతో చేయవచ్చని కొన్నేళ్లుగా ప్రయోగశాలలు చెబుతున్నాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలను ముందు పెట్టుకుని ఆ మాటలో నిజమెంతో తేల్చండని అడగడానికే ఈ లేఖ. సంఘాల కారంలోనో బాలామృతంలోనో రోగకారక క్రిములు ఉన్నాయని ఇందులో ఎక్కడా ఆరోపణ లేదు. ఉన్నాయో లేవో ఊళ్లవారీగా లెక్క తీసి అందరి ముందూ పెట్టమన్నదే ఇందులోని మొదటి విన్నపం.

తడి తగలకపోతే పొడి చెడిపోదని మన ఇళ్లలో ఒక నమ్మకం. అది సగమే నిజం. నీటి జాడ లేనిచోట బ్యాక్టీరియా పెరగలేదు, కానీ చావదు కూడా. సాల్మొనెల్లా ఎండిన కారంలో, పిండిలో, పాలపొడిలో నెలల తరబడి ముడుచుకుని ఉండగలదు. అలా ఎండిపోయిన స్థితిలో దానికి వేడిని తట్టుకునే శక్తి ఇంకా పెరుగుతుంది. పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచితే చచ్చే క్రిమి, పాలపొడిలో ఉన్నప్పుడు ఆ వేడిని లెక్కచేయదు.

1993లో జర్మనీలో జరిగింది ఇందుకు పాఠ్యపుస్తకాలకెక్కిన ఉదాహరణ. ఆలుగడ్డ చిప్స్ మీద చల్లిన మిరపజాతి పొడి, పాప్రికా, సాల్మొనెల్లాను మోసుకొచ్చింది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా సుమారు 1,000 మంది జబ్బు పడ్డారు. వాళ్లలో ఎక్కువమంది 14 ఏళ్ల లోపు పిల్లలు. పరిశోధకులను నివ్వెరపరిచింది మాత్రం ఇంకో సంగతి: ఒక్కొక్కరి కడుపులోకి వెళ్లిన క్రిములు 4 నుంచి 45 మధ్యేనని లెక్క తేలింది. వేలూ లక్షలూ అక్కర్లేదన్నమాట. చిప్స్‌లోని కొవ్వు కడుపులోని ఆమ్లం నుంచి క్రిమిని కాపాడి ఉంటుందని వివరణ ఇచ్చారు.

ఉడికే కూరలో వేసిన కారం గురించి బెంగ అక్కర్లేదు. మన వంటలో కారం చాలాసార్లు మరిగే పులుసులోనో కాగిన నూనెలోనో పడుతుంది. పచ్చిగా తినే కారం సంగతే వేరు. జామకాయ ముక్కల మీద, కాల్చిన మక్క కంకి మీద, మరమరాల్లో చల్లేది, వేడి అన్నంలో నూనెతో కలిపేది, మామిడికాయ తొక్కులో వేసేది. తొక్కుకు ఉప్పూ పులుపూ కాపలా ఉంటాయి. మక్క కంకికి ఎవరున్నారు?

బాలామృతం విషయానికొస్తే, వేయించిన గోధుమ, శనగలకు పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు, ఖనిజాలు కలిపి చేసే ఈ మిశ్రమం నెలకు రెండున్నర కిలోలు, అంటే 25 రోజులపాటు రోజుకు 100 గ్రాముల లెక్కన ఒక్కో బిడ్డకు అందుతుంది. వేడి నీళ్లలో కలిపి తినిపించమనే అందరూ చెబుతారు. ఇళ్లలో మాత్రం తల్లులు లడ్డూలు చుడతారు, పిల్లలు పొడినే గుప్పెట్లో తీసుకుని నోట్లో వేసుకుంటారు. ఆహార సాంకేతిక నిపుణుల దృష్టిలో ఇలాంటి మిశ్రమాల్లో జాగ్రత్తగా చూడాల్సిన ఘట్టం వేయింపు తర్వాతిది. గింజలు మంట చూస్తాయి. పాలపొడి, చక్కెర, విటమిన్ల మిశ్రమం వేయింపు అయ్యాక కలుస్తాయి. ఆ తర్వాత దాన్ని శుద్ధి చేసే వేడి మరొకటి ఉండదు.

పాలపొడి ఎంత పెద్ద కంపెనీనైనా తలకిందులు చేయగలదని 2022లో అమెరికా చూసింది. మిషిగన్ రాష్ట్రం స్టర్జిస్‌లో అబాట్ కంపెనీ నడిపే శిశు ఆహార కర్మాగారంలో క్రోనోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా బయటపడింది. ఫిబ్రవరిలో సరుకు వెనక్కి తెప్పించి ఉత్పత్తి ఆపేశారు. ఆ ఒక్క ఫ్యాక్టరీ మూతపడేసరికి దేశమంతా డబ్బా పాలకు కరువొచ్చి, యూరప్ నుంచి సైనిక విమానాల్లో తెప్పించుకోవాల్సి వచ్చింది. శిశువుల పాలపొడిని 70 డిగ్రీలకు తగ్గని నీళ్లతో కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడం వెనక ఉన్నది కూడా ఈ క్రిమి భయమే.

ఇక కల్లాల దగ్గరికి వద్దాం. వాటి సంగతి మీకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. మీ ములుగు నియోజకవర్గంలోని కొత్తగూడ, గంగారం మండలాలు మహబూబాబాద్ జిల్లావే. ములుగు కూడా 2019 ఫిబ్రవరి దాకా జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో భాగమే. ఏరిన మిర్చిని నేల మీదో పరదాల మీదో ఆరబోస్తారు. రాత్రి మంచు పడితే కప్పుతారు, పొద్దున విప్పుతారు. తాలు కాయలు వేరు చేయడానికి ఆడవాళ్లు ఆ రాశుల మధ్యే రోజంతా కూర్చుంటారు. కోళ్లు, కుక్కలు, పక్షులు, బల్లులు అన్నీ ఆ దారినే తిరుగుతాయి. సాల్మొనెల్లా ముఖ్యంగా వాటి పేగుల్లోంచి వచ్చేదే. ఆ మిర్చి ఏనుమాముల, కేసముద్రం, ఖమ్మం మార్కెట్లకు వెళ్తుంది. కొంత ఊళ్లోనే గిర్నికి వెళ్తుంది. గిర్ని ఒక కాయకు అంటినదాన్ని పొడి మొత్తానికి పంచుతుంది.

ఎండ ఉంది కదా, అదే చంపదా అని అనిపించవచ్చు. కొంత చంపుతుంది. ఎండ తగిలితే బ్యాక్టీరియా పెరగదని 1877లోనే ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు రాయల్ సొసైటీకి నివేదించారు. కాంతితో చర్మక్షయను నయం చేసినందుకు డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే క్రిముల డీఎన్‌ఏను నేరుగా దెబ్బకొట్టే అతినీలలోహిత కిరణాలు, 200 నుంచి 280 నానోమీటర్ల మధ్యవి, ఆకాశంలోనే ఆగిపోతాయి. ఓజోన్ పొర వాటిని నేల దాకా రానివ్వదు. కల్లం మీద పడేది వాటికన్నా బలహీనమైన కాంతి, అదీ కాయకు పైవైపునే.

కాబట్టి కారాన్ని శుద్ధి చేయాలనుకున్న వ్యాపారులు వేరే దారులు పట్టారు. చవకైన దారి ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు. అది క్రిములను చంపుతుంది, కానీ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మొదటి వర్గంలో పెట్టింది. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్ అధికారులు మూడు ఎండీహెచ్ మసాలాలను, ఎవరెస్ట్ చేపల కూర మసాలాను ఈ వాయువు అవశేషాల కారణంగానే అమ్మకం నుంచి ఆపించారు. సింగపూర్ కూడా ఆ ఎవరెస్ట్ మసాలాను మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించింది. విచిత్రమేమంటే అమెరికా ఈ వాయువును మసాలాలకు ఒక పరిమితి మేరకు అనుమతిస్తుంది, యూరప్ అసలే ఒప్పుకోదు. ఒకే బస్తా ఒక రేవులో దిగుతుంది, ఇంకో రేవు నుంచి వెనక్కి వస్తుంది.

రెండో దారి గామా కిరణాలు. నవీ ముంబైలోని వాశిలో 2000 నుంచి మసాలాల కోసమే అణుశక్తి విభాగం వారి కేంద్రం ఉంది. పద్ధతి పక్కాది, బస్తా విప్పకుండానే లోపలిదాకా పనిచేస్తుంది. కానీ మహబూబాబాద్ సంఘం పది బస్తాల కారాన్ని వాశికి పంపడం జరిగే పని కాదు. మూడోది ఆవిరి. కాయ మీద బాగా పనిచేస్తుంది. పొడి మీద పెడితే ఉండలు కడుతుంది, రంగూ వాసనా తగ్గుతాయి, యంత్రం ఖరీదు ఊరి సంఘం తాహతుకు చాలా దూరం.

ఇక్కడే వెలుతురు ముందుకొస్తోంది. అందులో ముఖ్యమైన రకం పల్స్ లైట్. కెపాసిటర్‌లో కరెంటు కూడబెట్టి, జినాన్ వాయువు నింపిన దీపంలోకి ఒక్కసారిగా వదులుతారు. సెకనులో వెయ్యో వంతు కాలంపాటు కళ్లు బైర్లు కమ్మే మెరుపు వస్తుంది. అందులోని అతినీలలోహిత భాగం క్రిమి డీఎన్‌ఏలో పక్కపక్కనున్న అణువులను తప్పుగా అతికిస్తుంది, దాంతో అది మళ్లీ విభజన చెందలేదు. రసాయనం ఉండదు, అవశేషం మిగలదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1996లోనే దీన్ని ఆహారం ఉపరితలం మీద వాడవచ్చని అనుమతించింది. మెరుపు 2 మిల్లీసెకన్లు మించకూడదనీ, చదరపు సెంటీమీటరుకు మొత్తం 12 జౌళ్లు దాటకూడదనీ హద్దులు పెట్టింది.

ఉపరితలం మీద అన్న మాట దగ్గర ఆగాలి, కథంతా అక్కడే ఉంది. వెలుతురు పొడి కుప్పలోకి దిగదు. పైపొర తాకి ఆగిపోతుంది. ఒక రేణువు నీడలో ఇంకో రేణువు దాక్కుంటుంది.

దీనికి మన హైదరాబాదులోనే ఒక దృష్టాంతం ఉంది. 2020 మేలో, కోవిడ్ మొదటి లాక్‌డౌన్ రోజుల్లో, డీఆర్‌డీవోకు చెందిన రీసెర్చ్ సెంటర్ ఇమారత్ రెండు అతినీలలోహిత పరికరాలు తయారుచేసింది. ఒకటి సెల్‌ఫోన్లు, లాప్‌టాప్‌ల లాంటివి పెట్టే పెట్టె. రెండోది కరెన్సీ నోట్ల యంత్రం. నోట్ల కట్టను అలాగే దీపం కింద పెడితే లాభం లేదని వాళ్లకు తెలుసు. అందుకే ఆ యంత్రం విడి నోట్లను ఒక్కొక్కటిగా లాక్కుని, వరుస దీపాల కిందుగా నడిపిస్తుంది. పొడి విషయంలోనూ చేయాల్సింది సరిగ్గా ఇదే. రేణువు రేణువుకూ వెలుతురు చూపించాలి. ఆ రోజుల్లో బజారులో కూరగాయల కోసమంటూ అమ్మిన నీలి దీపాల పెట్టెలు ఈ పనికి పనికిరావు. అలాంటి పెట్టెనే పెద్దది చేసి సంఘాలకు అంటగట్టడానికి రేపు ఎవరైనా మీ కార్యాలయానికి రావచ్చు. వాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న: పొడి ఇందులో కదులుతుందా, కుప్పగా ఉంటుందా?

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో రోజర్ రువాన్ బృందం ఈ కదలిక మీదే పనిచేసింది. కంపించే పళ్లెం మీద పొడిని పలుచగా పరిచి దొర్లిస్తూ, పల్స్ దీపం కిందుగా మూడు నాలుగు సార్లు పంపారు. పాలపొడి, గోధుమపిండి, గుడ్డు తెల్లసొన పొడి ఈ మూడింటిలోనూ క్రోనోబ్యాక్టర్ సుమారు లక్షలో ఒకటి మిగిలే స్థాయికి తగ్గింది. ఆవిరితో సాధించే ఫలితానికి ఇది తీసిపోదు. అయితే ప్రయోగశాలలో కావాలని కలిపిన క్రిముల మీద వచ్చిన ఫలితం ఇది. అక్కడి పళ్లెం మీద ఉన్నది తెల్లని పొడి. మన దగ్గరున్నది ఎర్రనిది, నూనె ఓడేది, గాలిలోకి లేచి దీపం అద్దానికి అంటుకునేది. పట్టించిన కారం పక్కన పది నిమిషాలు నిలబడి తుమ్మిన ఎవరికైనా ఆ అద్దం సంగతి అర్థమవుతుంది.

రంగు ఇంకో సమస్య. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి ప్రాంతాల్లో పండే ఆ కాయకు ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ. దాని ధర రంగులో ఉంది. ఆ రంగునిచ్చే కెరోటినాయిడ్లను వెలిసేలా చేసేది కూడా వెలుతురే. క్రిమి చచ్చి రంగు వెలిస్తే రైతుకు ఒరిగేదేమిటి? ఆ గుర్తింపు కోసం ఒక రైతుల కంపెనీతో కలిసి పనిచేసిన జేవీఆర్ ఉద్యాన పరిశోధన కేంద్రం మహబూబాబాద్ జిల్లా మల్యాలలోనే ఉంది. రంగు ఎంత తగ్గిందో కొలిచే పని వాళ్లకు అప్పగించవచ్చు. దీపాలు, పళ్లెం, విద్యుత్ వలయం సంగతి చూడటానికి వరంగల్ ఎన్‌ఐటీ పక్కనే ఉంది.

బాలామృతంలో చిక్కు మరో రకం. ఏ విటమిను, రైబోఫ్లేవిన్ వెలుతురుకు చెడిపోతాయి. పాలకొవ్వుకు కాంతి తగిలితే ముక్కిపోయిన వాసన వస్తుంది. తయారైన మిశ్రమం మొత్తాన్ని దీపం కింద పంపితే క్రిములతోపాటు పిల్లల కోసం కలిపిన విటమిన్లకూ దెబ్బ తగులుతుంది. విటమిన్లు కలపక ముందే వెన్న తీసిన పాలపొడిని, పిండిని విడిగా దీపం కింద నడిపించి, తర్వాత శుభ్రమైన గదిలో కలపడమే దారి. చిన్న మార్పులాగే కనిపిస్తుంది కానీ ఫ్యాక్టరీలో యంత్రాల వరసే మారుతుంది.

వెలుతురుకు సులువుగా లొంగనివి కూడా ఉన్నాయి. సరిగా ఆరని మిర్చి మీద పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. బూజును చంపినా పొడిలో కలిసిపోయిన విషం అక్కడే ఉంటుంది. దానికి విరుగుడు కల్లం దగ్గరే. ఆ మాటకొస్తే కల్లం మీ శాఖ చేతిలోనిదే. ఉపాధి హామీ డబ్బుతో రాష్ట్రం కట్టించిన ఆరబోత కల్లాలు నిబంధనలకు విరుద్ధమంటూ, దాదాపు 152 కోట్ల రూపాయలు తిరిగి ఇవ్వమని 2022లో కేంద్రం అడిగింది. దాని మీద ఆ డిసెంబరులో జిల్లా కేంద్రాల్లో ధర్నాలు జరిగాయి. తప్పొప్పుల వాదన ఎటు పోయినా, నేల నుంచి కాస్త ఎత్తులో ఉన్న సిమెంటు కల్లం ఏ దీపం కన్నా ముందు కావాల్సిన వస్తువు. దీపం చివరి మెట్టు. మొదటి మెట్టు లేకుండా దాన్ని కొంటే మురికి కారానికి ముద్ర కొట్టినట్టే అవుతుంది.

కొనుగోలుకు సొమ్ము దొరకక పోదు. సూక్ష్మ ఆహార పరిశ్రమల కోసం 2020లో కేంద్రం ప్రారంభించిన పథకం ఒక్కో యూనిట్‌కు పెట్టుబడిలో 35 శాతం, 10 లక్షల రూపాయలు మించకుండా, రాయితీగా ఇచ్చేలా రూపొందింది. ఇందిరా మహిళా శక్తి పేరుతో మీరూ సంఘాలను వ్యాపారాల వైపు నడిపిస్తున్నారు. డబ్బు దొరుకుతుందని యంత్రం కొనేసి, ఆ తర్వాత దానికి పని వెతుక్కోవడం మన ప్రభుత్వ కార్యాలయాల్లో పాత అలవాటు. పంచాయతీల్లో తుప్పు పట్టిన యంత్రాలు అందుకు సాక్ష్యం.

అందుకని ఈ లేఖ యంత్రం అడగడం లేదు. ఒక సంవత్సరం పరీక్ష అడుగుతోంది.

బాలామృతం ఒకే బ్యాచ్‌ను తీసుకోండి. నాచారం గోదాములో ఉన్నప్పుడు కొన్ని నమూనాలు, జనగామ చేరాక కొన్ని, మహబూబాబాద్ తండాలోని అంగన్‌వాడీలో కొన్ని, భూపాలపల్లి అడవి అంచు పల్లెలో ఒక తల్లి ప్యాకెట్ విప్పిన పది రోజుల తర్వాత ఇంకొన్ని తీయించండి. రాష్ట్ర ఆహార ప్రయోగశాల కూడా నాచారంలోనే ఉంది, ఫ్యాక్టరీకి ఇరుగుపొరుగే. క్రిమి ఎక్కడైనా కనిపిస్తే అది ఫ్యాక్టరీలో చేరిందా, దారిలోనా, ఇంట్లోనా అన్నది ఈ నాలుగు మజిలీల లెక్కే చెబుతుంది. ఫ్యాక్టరీలో అయితే దీపం గురించి ఆలోచించవచ్చు. ఇంట్లో అయితే దీపం దండగ, మూత గట్టిగా ఉన్న డబ్బా ఇస్తే చాలు.

కారానికి కూడా అంతే. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం మసాలాల్లో 25 గ్రాముల నమూనాకు సాల్మొనెల్లా ఉండకూడదు. కానీ క్రిములు పొడిలో సమంగా పరుచుకుని ఉండవు, ఒకచోట ఉంటాయి, పక్క గుప్పెట్లో ఉండవు. ఒక్క నమూనా బాగుందని బస్తాకు సర్టిఫికెట్ ఇవ్వడం ఆత్మవంచన. కేసముద్రం, కాటారం, చిట్యాల వైపు సంఘాల నుంచి ఎక్కువ సంఖ్యలో నమూనాలు కావాలి. కాయగా ఉన్నప్పుడు కొన్ని, గిర్ని దాటాక కొన్ని తీయాలి. నమూనా బాగోలేదని తేలిన సంఘానికి జరిమానా, నోటీసు ఉండవని ముందే మీరే చెప్పాలి. లేకపోతే పరీక్షకు ఇచ్చే పొట్లం వేరు, అమ్మే పొట్లం వేరు అవుతాయి. అది ఆడవాళ్ల తప్పు కాదు, భయపెట్టి చేసే తనిఖీ ఎక్కడైనా ఇంతే.

ఆ లెక్కలు చేతికొచ్చాక, అవసరమని తేలితే, రెండే రెండు ప్రయోగాలు చాలు. ముందు నాచారంలో పాలపొడి మీద ఒకటి. తెల్లని పొడి, ఫ్యాక్టరీ వాతావరణం, తినేది పసిపిల్లలు, కాబట్టి దీపానికి అనువైన చోటూ అవసరమైన చోటూ అదే. ఎగుమతి మిర్చి నుంచి మొదలుపెడదామని వ్యాపారులు ఒత్తిడి చేయవచ్చు. వాళ్లకు ఆవిరి యంత్రాలు కొనుక్కునే స్తోమత ఉంది, వరుసలో వాళ్లు తర్వాత నిలబడవచ్చు. రెండోది కేసముద్రం దగ్గర సంఘాలన్నీ కలిసి వాడుకునేలా ఒక చిన్న కంపించే పళ్లెం. ఈలోగా ఇలా శుద్ధి చేసిన పొడి మీద ఏ ముద్ర ఉండాలో, ఎంత మోతాదు వరకు అనుమతో తేల్చమని ఢిల్లీలోని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థకు మీ శాఖ నుంచే ఒక ఉత్తరం వెళ్లాలి. దీపం దగ్గర పనిచేసే ఆడవాళ్ల కళ్లకూ చర్మానికీ రక్షణ, ఆ వెలుతురు గాలిలో పుట్టించే ఓజోన్‌ను బయటికి తోసే ఫ్యాను టెండరు కాగితంలో మొదటి పేజీలోనే ఉండాలి.

కొత్త మిర్చి సంక్రాంతి దాటగానే మార్కెట్లకు పోటెత్తుతుంది. నమూనాలు తీయడానికి శిక్షణ, సంచులు, చల్లని పెట్టెలు, ప్రయోగశాలలో మనుషులు అంతకు ముందే సిద్ధంగా ఉండాలంటే ఉత్తర్వు దసరాలోపే రావాలి. ఫలితాలు జిల్లాలవారీగా తెలుగులో అచ్చువేసి, ప్రతి మండల సమాఖ్య గోడ మీదా, ప్రతి అంగన్‌వాడీ తలుపు మీదా అంటించమని అదే ఉత్తర్వులో ఒక వాక్యం చేర్చగలరు.